పలకని నాలుగో వరస

మా అమ్మకి నా పేరు గుర్తుకు రావడానికి మామూలుగా అరసెకను పట్టేది. ఆ శ్రావణమాసంలో అది నాలుగు సెకన్లయింది. ఇంకొకరైతే పెద్దావిడ కదా అని సరిపెట్టుకునేవారు. నేను నెట్‌వర్కు ఇంజనీర్ని. సరిపెట్టుకోవడం చేతకాక కొలవడం మొదలుపెట్టాను.

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి "నేనెవర్నమ్మా?" అని అడిగి, గోడగడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ నిలబడేదాన్ని. అమ్మ గ్లాసు వంకా నా వంకా మార్చి మార్చి చూసి, చివరికి మొహం విప్పార్చుకుని "ఇందూ!" అనేది. వెంటనే తిట్లు అందుకునేది.

"రోజూ ఈ పరీక్షలేంటే నాకు? నేనేమన్నా ఒకటో క్లాసు పిల్లనా?"

నిజం చెప్పాలంటే ఆ తిట్ల కోసమే అడిగేదాన్ని. తిట్టిందంటే నేను తన కూతుర్నని తెలిసినట్టే కదా.

అమ్మ చెవి వెనక రూపాయి కాసంత బిళ్ళ ఒకటి అతికించి ఉండేది. దాని పేరు నెమరు. కనిపెట్టింది నేను పనిచేసే కాకినాడ లాబులో డాక్టర్ భానోజీ గారు. నలుగురు కలిసి బతికిన బతుకు ఒక్క బుర్రలో ఉండదనీ, నలుగురిలోనూ తలో ముక్క ఉంటుందనీ ఆయన వాదం. ఒకరిలో చెరిగిపోతే మిగతావాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోవచ్చునట. అమ్మ దేనికోసమైనా తడుముకుంటే ఆ బిళ్ళ సంగతిని ఇంట్లో ఉన్న చిన్న పెట్టెకి అందిస్తుంది. పెట్టె నుంచి అది అమ్మ పాత స్నేహితుల చెవుల వెనకున్న బిళ్ళలకి వెళ్తుంది. వాళ్ళ బుర్రల్లో పడున్న ముక్కల్ని ఏరుకుని, లాబులోని యంత్రం దగ్గర అతుకు వేయించుకుని, అమ్మ దగ్గరికి తిరిగొస్తుంది. ఇదంతా అరసెకనులో.

ఇచ్చినవాళ్ళకి ఏమీ తెలియదు. కాకపోతే ఆ క్షణాన పొలమారుతుంది. ఎవరైనా తలుచుకుంటే పొలమారుతుందని మనవాళ్ళు ఎప్పట్నించో అనే మాటే. డాక్టరుగారు మాత్రం రిపోర్టులో "స్వల్పమైన దగ్గు" అని రాసుకున్నారు.

"నేనూ ఒక బిళ్ళ పెట్టుకుంటాను సార్" అని మొదట్లో అడిగాను.

"నీ జ్ఞాపకాలు వేస్తే మీ అమ్మగారు అద్దంలో చూసుకుని అమ్మా అని పిలుస్తారమ్మా ఇందుమతీ" అని నవ్వేశారాయన. తర్వాత నవ్వాపి చెప్పారు. అరువు తెచ్చిన ముక్కలన్నీ ఇచ్చినవాళ్ళ కళ్ళతో చూసినవే. అవి తనవే అనిపించడానికి అమ్మలో ఇంకా ఒక సన్నని వేరు బతికుంది. దాన్ని ఆయన సొంత వేరు అనేవారు. రోజూ జ్ఞాపకాలు వస్తూ పోతూ ఉంటే అది తడిగా ఉంటుంది. రెండు రోజులు చాలినన్ని రాకపోతే ఎండిపోతుంది. ఎండితే ఇంక చిగురించదు. ఈ ఒక్క మాటా ఎర్రసిరాతో రాయించి నా బల్లకి ఎదురుగా అంటించారు.

అమ్మ పేరు కస్తూరి. వేరే ఊళ్ళకి ఫోన్లు కలిపే కాకినాడ ట్రంక్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. నేనెరిగిన మొదటి నెట్‌వర్కు అదే. బడి వదలగానే నేరుగా అక్కడికే పోయేదాన్ని. పొడుగాటి గది, గోడవారగా బోర్డులు, వాటి నిండా కన్నాలు, ఆ కన్నాల్లో గుచ్చే ప్లగ్గుల తీగలు. చెవులకి హెడ్‌సెట్లు తగిలించుకుని పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారే మాట్లాడుతుంటే ఎవరిమాట వారికెలా వినబడేదో నాకిప్పటికీ అర్థం కాదు. నేను అమ్మ స్టూలు పక్కన నేలమీద కూచుని ఎక్కాలు రాసుకునేదాన్ని. మధ్యాహ్నప్పూట ఫ్యాను గాలికి అమ్మ చీరకుచ్చిళ్ళు కొట్టుకుంటూ ఉండేవి. అవతలి గొంతు "హలో" అంటే చాలు, వాళ్ళింట్లో పెళ్ళో చావో అమ్మకి తెలిసిపోయేది. "లైట్నింగ్ కాలండీ" అని, చావుబతుకుల మీద అన్నిటికన్నా ముందు కలిపే ఆ కాలు ఎవరైనా వణుకుతూ అడిగితే ఆ వరసలో అందరి చేతులూ ఒక్క క్షణం ఆగేవి. ఇప్పుడు ఫోను చెయ్యడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. బాగానే ఉంది, కానీ నాకు ఆ గదే బాగుండేది.

లైనులో గరగర వస్తే అమ్మ దోషం వెతికే తీరు చూసి తీరాలి. ముందు సామర్లకోటని పిలిచేది.

"హలో సామర్లకోటా, వినబడుతోందా?"

పలికితే తునిని, తుని పలికితే అనకాపల్లిని. ఎక్కడ గొంతు పీలగా వచ్చిందో అక్కడ దోషం. ఫలానా ఊళ్ళ మధ్య అని తేలాక లైన్‌మన్ అప్పలస్వామి గారు సైకిలెక్కి స్తంభాల వెంట బయల్దేరేవారు. నేను నాలుగేళ్ళు కాలేజీలో చదివి, పాతికేళ్ళు ఉద్యోగం చేసి నేర్చుకున్నది దీనికి మించి ఏమీ లేదు. పింగ్ అంటే ఒక్కరిని "వినబడుతోందా?" అని అడిగి, పలకడానికి ఎంతసేపు పట్టిందో చూడడం. ట్రేస్ అంటే దారిలో ఉన్న ప్రతివారినీ వరసగా అడగడం. ఎవరెవరు ఎంతలో పలికారో, నూటికి ఎన్ని పిలుపులు దారిలో పోయాయో తెర మీద వరసలుగా వస్తుంది. ఎవరైనా పలకకపోతే ఆ వరసలో మూడు చుక్కలు పడతాయి.

నెమరులో అమ్మకి ముక్కలిచ్చేవాళ్ళు ముగ్గురు. జగన్నాథపురంలో ఉండే జైనబ్ గారు, అదే గదిలో ఆపరేటరు. పొలమారినప్పుడల్లా నాకు ఫోన్ చేసి "మీ అమ్మ పొద్దున్నే నన్ను తలుచుకుంది, ఉప్మాలో ఉప్పెక్కువైందా ఏంటి?" అని నవ్వేవారు. రెండోవారు తునిలో స్థిరపడ్డ అప్పలస్వామి గారు. మూడో మనిషి సామర్లకోటలో మా వరహాలత్త.

వరహాలత్త నాన్నకి అక్క. బోర్డు దగ్గర అమ్మది ఏడో సీటైతే ఆవిడది ఎనిమిది. అమ్మ గొంతు విని, ముచ్చటపడి, తమ్ముడికి చేసుకుందట. పద్నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే క్యారియర్లో అన్నం తిన్నారు. ఆ తర్వాత నలభై రెండేళ్ళు మాటల్లేవు.

కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న పంటకాలవల శాఖలో సర్వేయరు. ఎనభై ఎనిమిది ఏప్రిల్లో అన్నవరం దగ్గర జీపు బోల్తాపడి పోయాడు. కబురు తుని నుంచి ట్రంక్ కాల్ మీద పొద్దున పదకొండింటికి ఎక్స్చేంజికే వచ్చింది. ఆ కాల్ తీసుకున్నది అత్త. మూరెడు దూరంలో అమ్మ ఉంది. అత్త చెప్పలేదు. ఒంటిగంటకి డ్యూటీ దిగాక చెప్పింది. ఆ రెండు గంటలూ అమ్మ ఊరందరి కాల్స్ నవ్వుతూ కలుపుతూనే ఉంది.

"రెండు గంటలే ఇందూ! పక్కన కూచుని, ఏమీ ఎరగనట్టు!" అని అమ్మ నా చిన్నప్పుడు ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. ఎందుకు చెప్పలేదని అమ్మ అడగలేదు, అత్త తనంతట తాను చెప్పలేదు. అమ్మ సీటు మార్పించుకుంది. అత్త బదిలీ పెట్టుకుని సామర్లకోట వెళ్ళిపోయింది. అమ్మ కోపం నాకూ వచ్చింది, వంకాయ నచ్చడం నచ్చకపోవడం ఇంట్లోంచి వచ్చినట్టే.

అలాంటావిడ నెమరుకి ఒప్పుకుంటుందని నేననుకోలేదు. లాబు వాళ్ళు కాగితాలు పంపితే మారుమాట్లాడకుండా సంతకం చేసి, చెవి వెనక బిళ్ళ అంటించుకుంది. ఒక్క ఫోనూ చెయ్యలేదు.

అమ్మ ఆలస్యం నాలుగు సెకన్లకి చేరిన రోజు నేను లాబుకెళ్ళి ట్రేస్ నడిపాను. ఐదు వరసలొచ్చాయి. మొదటిది మా ఇంట్లో పెట్టె, రెండు జైనబ్ గారు, మూడు అప్పలస్వామి గారు, నాలుగు వరహాలత్త, ఐదు అతుకు వేసే యంత్రం. నాలుగో వరసలో మూడు చుక్కలు. మళ్ళీ నడిపాను. మళ్ళీ చుక్కలే. పదిసార్లు నడిపితే పదిసార్లూ ఆవిడ పలకలేదు.

నాకు ఒళ్ళు మండింది. మనిషి పలకదు, ఆవిడ బిళ్ళా పలకదు అనుకున్నాను.

ఆ కాగితం ప్రింటు తీసి ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని దాని మీద వేలు పెట్టి చూసింది. వరసలు చూస్తే ఆవిడ చేతులు ఊరుకోవు.

"ఇదేంటే, ఈ చుక్కలేంటి?"

"అక్కడ పలకట్లేదమ్మా. అందుకే నీకన్నీ లేటవుతున్నాయి."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. సెకన్లు లెక్కపెట్టడం నేనే మానేశాను.

"బెజవాడ ఇంతే" అంది చివరికి. "మేం లైను చూసుకోడానికి చేసే సర్వీసు కాలుకి బెజవాడ వాళ్ళు ఛస్తే పలికేవాళ్ళు కాదు. మద్రాసు కాలు బుక్ చేస్తే మాత్రం చిటికెలో పోయేది, వాళ్ళ మీంచే. చేతినిండా పని వాళ్ళకి. ఊరికే హలో అంటే ఎవరు పలుకుతారు?"

పాపం, దేనికేదో అతుకుతోంది అనుకుని మజ్జిగన్నం కలిపి పెట్టాను. అమ్మ చెప్పిందేమిటో ఆ క్షణాన విననందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరుగారు విశాఖపట్నంలో మీటింగుకి వెళ్ళిన వేళ చూసి, నాలుగో వరస తీసేశాను. అప్పలస్వామి గారి నుంచి దారి నేరుగా యంత్రానికి కలిపాను. మళ్ళీ ట్రేస్ నడిపాను. నాలుగే వరసలు, చుక్కల్లేవు, అంకెలు సగానికి సగం తగ్గాయి. ఇంత శుభ్రమైన ట్రేస్ నా సర్వీసులో చూడలేదు. కాంటీనుకెళ్ళి స్పెషల్ టీ తాగాను.

శనివారం పొద్దున అమ్మ రెండు సెకన్లలో "ఇందూ" అంది. చూశావా అని నా వీపు నేనే తట్టుకున్నాను. పెట్టెలో ఒక్కరోజుకి సరిపడా నిల్వ ఉంటుందనీ, అమ్మ ఆ నిల్వే వాడుకుంటోందనీ నాకు తట్టనే లేదు. ఆదివారం అమ్మ పెద్దగా మాట్లాడలేదు. ముసురు పట్టింది కదా, నలతగా ఉందేమో అనుకున్నాను. పింగ్ చేసి చూస్తే అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

సోమవారం పొద్దున కాఫీ గ్లాసు ఇచ్చి అడిగాను. "నేనెవర్నమ్మా?"

అమ్మ గ్లాసు అందుకోలేదు. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి, పమిట భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఎవరండీ మీరు? ఎవరు కావాలండీ?"

పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను, ఎక్స్చేంజి గది చెప్పాను. అమ్మ మర్యాదగా తలూపుతూ వింది, తోటి ప్రయాణికురాలి కష్టాలు విన్నట్టు. విన్నాక "మావాళ్ళు ఎవరైనా వస్తే చెప్తానండి" అంది. అంతవరకు నేను అమ్మ ముందు ఏడ్చిన ప్రతిసారీ అమ్మ కొంగుతో కళ్ళు తుడిచింది. ఆ రోజు మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

లాబుకి పరిగెత్తాను. డాక్టర్ భానోజీ గారు అప్పుడే విశాఖపట్నం నుంచి దిగారు. నా మాట విని, సంచీ కూడా పెట్టకుండా నా బల్ల దగ్గరికొచ్చారు. నేను తీసిన పాత ప్రింటు చూశారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"అమ్మా, నాలుగో వరసలో చుక్కలున్నాయి. సరే. ఐదో వరస చూశావా?"

చూశాను. నలభై ఎనిమిది మిల్లీసెకన్లలో పలికింది, మామూలుగా.

"ఐదో వరసకి చేరాలంటే నాలుగు దాటే పోవాలి కదా. నాలుగు నిజంగా పాడైతే ఐదు ఎలా పలికింది?"

కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజు నేను నేర్పే సంగతే అది. మధ్యలో ఒకరు పలకకపోయినా వాళ్ళ తర్వాతివాళ్ళు పలికితే, ఆ పలకనివాళ్ళు పాడైనట్టు కాదు. మోసే పనిలో మునిగి ఖాళీ పలకరింపులకి జవాబివ్వట్లేదు, అంతే. నేర్పేటప్పుడు ఎంత ధీమాగా నేర్పేదాన్నో. అమ్మయితే బెజవాడ పేరు చెప్పి మరీ నేర్పింది.

డాక్టరుగారు ఇంకో కాగితం తెచ్చారు. అది పలకరింపుల లెక్క కాదు, నిజంగా జ్ఞాపకాలు ఎవరి దగ్గర్నించి ఎన్ని వచ్చాయన్న లెక్క. ఖాళీ పింగ్‌లు చూసి మురిసిపోతూ నేను దాని మొహమే చూడలేదు. నూటికి ఎనభై వరహాలత్త దగ్గర్నించే వచ్చాయి. అమ్మ పెళ్ళి, నేను పుట్టడం, నాన్న, వంటిల్లు, అన్నీ ఆవిడవే. ఆవిణ్ణి తీసేసినందుకే అంకెలు అంత శుభ్రంగా తేలాయి. మోసే బరువే లేకపోతే దారిలో ఏదీ జారిపోదు కదా మరి.

"మరి అంతకుముందు ఆలస్యం ఎందుకు సార్?"

"పైనుంచి చూడమ్మా. మొదటి వరసలోనే నూటికి పన్నెండు పోతున్నాయి. అక్కణ్ణించి కింద వరకూ పన్నెండే. మొదట్లో పోయింది కిందంతా కనబడుతుంది. దోషం మీ ఇంట్లోనే ఉంది. పెట్టె ఎక్కడ పెట్టారు?"

పెట్టె ఇనప బీరువాలో ఉంది. విలువైన వస్తువు, దుమ్ము పడుతుందని అమ్మ దాన్ని పట్టుచీరల మధ్య పెట్టి తలుపు వేసేసింది. వైరు తలుపు సందులోంచి బయటికి లాగి ఉంది, ఇనుము అడ్డమొచ్చి బిళ్ళ మాట దానికి సరిగ్గా అందట్లేదు. నెలరోజులుగా రోజూ ఆ బీరువా ముందే తల దువ్వుకున్నాను. ఊళ్ళో వాళ్ళందరి దోషాలూ వెతికేదాన్ని, మా గదిలోకి తొంగిచూడలేదు.

పెట్టె తీసి కిటికీలో పెట్టాను. లాబులో నాలుగో వరస మళ్ళీ కలిపారు. ఏమీ జరగలేదు. అత్త బిళ్ళ అసలు ఒంటి మీదే లేదని తెర చూపించింది.

సామర్లకోట అరగంట దారి. నలభై రెండేళ్ళలో నేను ఒక్కసారీ వెళ్ళలేదు. స్టేషను వెనక రెండు గదుల పోర్షను. అత్త వరండాలో చాప మీద కూచుని గోంగూర తుంచుతోంది. సన్నబడింది. నన్ను చూసి ఆకు చేతిలోనే పట్టుకుని లేచి నిలబడింది.

"ఎప్పుడు పోయిందే?" అంది.

నాకర్థం కాలేదు.

"కస్తూరి ఎప్పుడు పోయింది? శుక్రవారమే కదూ? శుక్రవారం సాయంత్రం నుంచి నాకు పొలమారలేదు. రోజుకి ఏభైసార్లు పొలమారేది. ఒక్కసారీ రాలేదు. మీరు కబురు చెప్పరని తెలుసు. ఆదివారం తలమీద నీళ్ళు పోసుకున్నాను."

ఆ రోజే బిళ్ళ తీసి దేవుడి పటాల దగ్గర పెట్టేసిందట. అది పెట్టిన చోట చిన్న దీపం వెలుగుతోంది. నేను ఆ చాప మీద కూలబడి ఏడ్చాను. "అమ్మ ఉంది అత్తయ్యా, నేనే మిమ్మల్ని తీసేశాను" అని చుక్కల సంగతీ, నా బుద్ధీ మొత్తం చెప్పాను. చెప్పడం అయ్యాక అత్త గోంగూర బుట్ట లోపల పెట్టి, పటాల దగ్గరి బిళ్ళ చేతిలోకి తీసుకుని, చెప్పులేసుకుంది.

"బతికే ఉందిగా. పద మరి."

"మీకు కోపం రాలేదా?"

"వస్తే ఏం చేద్దాం, తర్వాత చూసుకుందాంలే."

ఆటోలో ఉండగా డాక్టరుగారు ఫోన్ చేశారు. అమ్మకి పరీక్ష చేశారట. గొంతు తగ్గించి చెప్పారు. సొంత వేరు ఎండిపోయిందమ్మా అన్నారు. బిళ్ళ పెడితే జ్ఞాపకాలు వస్తాయి, కానీ ఇంక అవి ఎవరివో వాళ్ళవిగానే వస్తాయి. వాళ్ళ కళ్ళతో, వాళ్ళ మనసుతో. వద్దనుకుంటే ఇలాగే ఉంచేద్దాం అన్నారు. ఫోను స్పీకరులో ఉంది, అత్త మొత్తం వింది.

"ఇలాగే అంటే?" అని అడిగింది నన్ను.

"ఎవరూ తెలియకుండా."

ఆటో మాధవపట్నం చేరింది. నేను ఉండబట్టలేక అడిగాను. "అత్తయ్యా, ఆ రోజు అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"ఇప్పుడెందుకే అవన్నీ" అంది. చెంగుతో బిళ్ళ తుడిచి, చెవి వెనక తనే అంటించుకుంది.

మేం వెళ్ళేసరికి అమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. వాన వెలిసి ఎండ వచ్చింది. అత్తని ఎదురుగా కూచోబెట్టాను. నలభై రెండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మోకాళ్ళ మధ్య మళ్ళీ మూరెడు దూరం. లాబు వాళ్ళు లైను కలిపారు.

అత్తకి పొలమారింది. ఒకటికి పదిసార్లు, ఊపిరాడనంతగా. నేను పరిగెత్తుకెళ్ళి నీళ్ళు తెచ్చి, నెత్తి మీద తట్టాను. అత్త దగ్గుతూనే నా చెయ్యి పక్కకి తోసి అమ్మ వైపు చూపించింది.

అమ్మ నన్నే చూస్తోంది. మొహం మెల్లగా విప్పారింది.

"ఇందూ!"

నేను ఒక్క అంగలో వెళ్ళి ఒళ్ళో తలపెట్టాను. అమ్మ నా నుదురు నిమిరింది.

"ఎంతదానివయ్యావే! అచ్చం మా తమ్ముడి నుదురే. ఇన్నేళ్ళకి తీరిందా మేనకోడలా, ఈ అత్తని చూడ్డానికి?"

తలెత్తాను. అమ్మ కళ్ళనిండా నేనున్నాను. నేను ఎప్పుడు పుట్టానో తెలుసు, ఏ రోజు నడిచానో తెలుసు, చిన్నప్పుడు నాకు చెవులు కుట్టిస్తే ఎంత ఏడ్చానో తెలుసు. అన్నీ అత్త చూసినట్టుగా తెలుసు. నన్ను కన్నది మాత్రం తను కాదు. నాన్న ఇంక ఆవిడకి మొగుడు కాదు, తమ్ముడు. ఆ పని చేసింది నేను, నా చేతుల్తో, శుక్రవారం మధ్యాహ్నం.

"తీరింది అత్తా" అన్నాను మా అమ్మతో.

అమ్మ సంతోషంగా నవ్వి వరహాలత్త వైపు తిరిగింది. ఎవరి జ్ఞాపకాల్లోనూ వాళ్ళ మొహం వాళ్ళకి కనబడదు కదా. అందుకని ఆనవాలు పట్టలేదు.

"ఈవిడెవరే?"

"తెలిసినదాన్నే" అంది అత్త. "నేనూ ఎక్స్చేంజిలోనే చేశానండీ."

"అయితే మీకు చెప్తే అర్థమవుతుంది" అని అమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. ఆ కుర్చీ లాక్కోవడం అమ్మదే, గొంతూ అమ్మదే. "నా మనసులో ఒకటుందండి. ఎవరికీ చెప్పుకోలేదు. ఏప్రిల్ నెల, పొద్దున పదకొండింటికి తుని నుంచి కాలొచ్చింది. మా తమ్ముడు జీపు బోల్తాపడి పోయాడని. మా మరదలు నా పక్క సీట్లోనే ఉంది. మద్రాసు లైను కలుపుతూ, ఎవరో ఏదో అన్నారు కాబోలు, విరగబడి నవ్వుతోంది. తలనిండా మల్లెపూలు. నేను నోరు తెరిచానంటే ఆ పూలు ఇంక ఉండవు కదండీ. బొట్టూ ఉండదు. ఒంటిగంటకి డ్యూటీ దిగుతుంది, అందాకా ఉంచుదాం, ఇంకో రెండు గంటలు ఆ పిల్లని అలా నవ్వనిద్దాం అనుకున్నాను. పిల్లని బడి నుంచి తెప్పించాను. జీపు మాట్లాడాను. ఆస్పత్రికి మనిషిని పంపాను. అన్నీ ఆ బోర్డు మీంచే, దాని చెవిన పడకుండా. నా తమ్ముడండీ వాడు. నాకు ఏడవడానికి కూడా లేకపోయింది."

అత్త గుండెలో నలభై రెండేళ్ళు మూసిపెట్టిన మాట అమ్మ నోట్లోంచి వస్తోంది. ఆ మాట వినాల్సిన మనిషే చెబుతోంది. నేను గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"తర్వాత అది నాతో మాట్లాడలేదండి" అంది అమ్మ. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు. "దాని తప్పు లేదు. నేనైనా అంతే చేసేదాన్ని. ఒక్కసారి అడిగితే చెబుదునే అనుకున్నాను, అది అడగలేదు. నేను వెళ్ళి చెప్పలేకపోయాను. మా కస్తూరి నన్ను క్షమిస్తుందంటారా?"

అత్త లేచి, అమ్మ కుర్చీ పక్కన నేలమీద కూచుంది. కొంగు తీసి అమ్మ మొహం తుడిచింది. చాలా శ్రద్ధగా, చెంపలూ గడ్డమూ అన్నీ తుడిచింది.

"క్షమించింది" అంది.

"మీకెలా తెలుసండీ?"

"నాకు చెప్పింది."

"నిజంగా? ఎప్పుడు?"

"ఇప్పుడే" అంది అత్త.